ఆఫీసు డిజిటల్ ఫైళ్లను ఒక దారికి తేవడం ఎలా?

వేల మంది పనిచేసే కంపెనీలోనో, ఆస్పత్రిలోనో, ప్రభుత్వ కార్పొరేషన్‌లోనో "మన ఫైళ్లన్నీ ఒక దారికి తెండి" అనే బాధ్యత మీ మీద పడిందనుకుందాం. షేర్డ్ డ్రైవ్ తెరిచి చూస్తే 'న్యూ ఫోల్డర్ (2)', 'ఫైనల్', 'ఫైనల్ లేటెస్ట్', 'ఇదే అసలు ఫైనల్' కనిపిస్తాయి. ఎప్పుడో రిటైరైన మేనేజర్ గారి పేరుతో ఒక ఫోల్డరు, అందులో ఇప్పటికీ నడుస్తున్న లీజు ఒప్పందం. ఈ కబురు బయటికి పొక్కగానే ఎవరో ఒకరు సాఫ్ట్‌వేర్ డెమో ఏర్పాటు చేస్తారు. వెళ్లండి, చూడండి, టీ తాగి రండి. కొనుగోలు కాగితం మీద మాత్రం ఇప్పుడే సంతకం పెట్టకండి.

ఏది రికార్డు, దాన్ని ఎన్నాళ్లు ఉంచాలి, దానికి ఎవరు జవాబుదారీ అన్న మూడు సంగతులు ఏ సాఫ్ట్‌వేరూ తేల్చి చెప్పదు. అవి మీ సంస్థలో మనుషులు కూర్చుని తేల్చుకోవాల్సినవి. అవి తేలకుండా కొంటే పాత ఇంట్లోని చెత్తంతా కొత్త అద్దె ఇంటికి మారుతుంది, అద్దె మాత్రం నెలనెలా కట్టాలి.

చేతిలో ఒక ఆర్డరు ఉండాలి

మొదటి పని, పై అధికారి సంతకంతో ఒకటి రెండు పేజీల ఉత్తర్వు తెచ్చుకోవడం. ఎండీ కావచ్చు, రిజిస్ట్రార్ కావచ్చు, ఎవరి మాటకు అన్ని విభాగాలూ కట్టుబడతాయో వారి సంతకం. ఐటీ విభాగం పేరుతో సర్క్యులర్ వెళితే దాన్ని చదివేవాళ్లు తక్కువ. ఉత్తర్వులో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి: ప్రతి విభాగానికీ ఒక రికార్డు బాధ్యుడు, అదీ మనిషి పేరుతో కాకుండా హోదాతో; ఆ విభాగాల డ్రైవులను చూసేందుకు మీకు అనుమతి; తగాదా వస్తే తేల్చడానికి ఒక కమిటీ. కమిటీలో లీగల్, అకౌంట్స్, హెచ్‌ఆర్, ఐటీ, ఇంటర్నల్ ఆడిట్ ఉంటే చాలు. అంతకు మించి మనుషులను వేస్తే మీటింగ్‌కు తేదీ కుదరడమే పెద్ద పని అవుతుంది.

మీది కేంద్ర ప్రభుత్వ సంస్థో, కేంద్ర పీఎస్‌యూనో అయితే ఇది మీ ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ప్రకారం ప్రతి సంస్థా ఒక రికార్డ్స్ ఆఫీసరును నియమించాలి. నియమాలు తప్పి రికార్డును నాశనం చేస్తే 5 ఏళ్ల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(ఎ) రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలకూ వర్తిస్తుంది. రికార్డులను వరుస కట్టి, సూచిక తయారు చేసి, వీలైనవాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలని అది చెబుతోంది. ఆర్టీఐ దరఖాస్తు వచ్చినప్పుడల్లా పరుగులు పెట్టే ఆఫీసుల్లో ఈ సెక్షన్ సంగతి పెద్దగా ఎవరికీ గుర్తుండదు. మీ ఉత్తర్వులో దీన్ని ఉటంకించండి, అధికారులు చప్పున ఒప్పుకుంటారు.

ఫైళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో కనుక్కోండి

ఫోల్డర్ల జాబితా తీసుకుని కూర్చుంటే ఈ పని ఎప్పటికీ తెమలదు. పనివైపు నుంచి రండి. కొనుగోళ్ల విభాగంలో ఒక సీటు దగ్గర కూర్చుని, "ఒక ఇండెంట్ (సరుకు కావాలన్న కోరిక పత్రం) వచ్చిందగ్గర నుంచి పేమెంట్ అయ్యేదాకా ఏం జరుగుతుందో చూపించండి" అని అడగండి. కొటేషన్లు మెయిల్లో వస్తాయి. పోలిక పట్టిక ఆ ఉద్యోగి లాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద ఉంటుంది. మేనేజర్ గారు "ఓకే, ప్రొసీడ్" అని వాట్సాప్‌లో పెడతారు. పర్చేజ్ ఆర్డరు ఈఆర్‌పీలో, అంటే సంస్థ లావాదేవీలన్నీ నడిపే సాఫ్ట్‌వేర్‌లో, తయారవుతుంది. సరుకు అందిన చలానా మీద గోడౌన్ ఇన్‌చార్జి సంతకం చేసి ఫోన్‌తో ఫోటో తీసి పంపుతారు. ఒక్క కొనుగోలుకు సంబంధించిన కాగితాలు ఐదు చోట్ల ఉన్నాయి. రేపు ఆడిటర్ అడిగితే అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ వాట్సాప్ మాటే, అది మాత్రం మేనేజర్ గారి సొంత ఫోన్లో ఉంది.

వాట్సాప్ దగ్గర ఒక నిమిషం ఆగాలి. "వాట్సాప్‌లో ఆఫీసు పని నిషిద్ధం" అని సర్క్యులర్ ఇచ్చి చేతులు దులుపుకునే సంస్థలు చాలా ఉన్నాయి. ఆ సర్క్యులర్ కూడా వాట్సాప్ గ్రూపులోనే వస్తుంది. నన్నడిగితే, మాట్లాడుకోవడాన్ని ఆపలేం గానీ నిర్ణయాన్ని మాత్రం లోపలికి తేవచ్చు. డబ్బుకో, ఒప్పందానికో, మనిషి ఉద్యోగానికో సంబంధించిన ఆమోదం వాట్సాప్‌లో వస్తే, అదే రోజు ఆ విషయాన్ని ఆఫీసు మెయిల్లో రాసి ఆమోదించినవారికి పంపాలి, వారు దానికి జవాబివ్వాలి. ఆ మెయిలే రికార్డు. ఇంత చిన్న నియమమైతేనే జనం పాటిస్తారు.

తెలుసుకున్నదంతా ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకోండి: ఏ పని, ఏ కాగితం, ఎక్కడ పుడుతుంది, ఎక్కడ ఉంటుంది, అసలు కాపీ ఏది, ఎవరికి అవసరం. ఐటీవాళ్ల దగ్గర డ్రైవ్ వాడకం రిపోర్టు కూడా తీసుకోండి. ఒకే ఫైలు ఎన్ని చోట్ల ఉందో, ఏళ్ల తరబడి ఎవరూ తెరవనివి ఎన్నో అందులో తెలుస్తాయి. ఆ రిపోర్టు చూపిస్తే కమిటీలో నిద్రపోతున్నవాళ్లు కూడా లేస్తారు.

రికార్డు ఏది, చిత్తు కాపీ ఏది

ఒక నిర్ణయానికి, లావాదేవీకి, హక్కుకు సాక్ష్యంగా నిలిచేది రికార్డు. మిగతావి పనిలో భాగంగా పుట్టిన చిత్తు కాపీలు, సమాచారం కోసం పెట్టుకున్న నకళ్లు, పుట్టినరోజు ఫోటోలు. ఐఎస్‌ఓ 15489 అనే అంతర్జాతీయ ప్రమాణం రికార్డుకు నాలుగు లక్షణాలు చెబుతుంది: అది అసలుదై ఉండాలి, నమ్మదగ్గదై ఉండాలి, మార్పుచేర్పులు జరగనిదై ఉండాలి, అవసరమైనప్పుడు తెరిచి చదవగలిగేలా ఉండాలి.

వర్గీకరణ చేసేటప్పుడు విభాగాల పేర్లతో చెట్టు కట్టకండి. విభాగాలు విడిపోతాయి, కలిసిపోతాయి, 'హెచ్‌ఆర్' కాస్తా 'పీపుల్ అండ్ కల్చర్' అవుతుంది. పని మాత్రం మారదు. నియామకం, జీతాలు, కొనుగోలు, ఆస్తులు, కోర్టు కేసులు, ఇలా పనుల పేరుతో పై వరుస పెట్టండి. మూడు మెట్లకు మించి లోతు వద్దు. విండోస్‌లో ఫైలు దారి మామూలుగా 260 అక్షరాలు దాటకూడదు. ఫోల్డర్లో ఫోల్డరు పెట్టుకుంటూ పోతే ఒకరోజు ఫైలు కాపీ అవదు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

ఎన్నాళ్లు ఉంచాలి?

ఈ పని మొత్తానికి గుండెకాయ ఇదే, కాబట్టి ఎక్కువ సమయం దీనికే కేటాయించండి.

మన కలెక్టరేట్లలో, తహసీల్దారు ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఫైలు ముగించేటప్పుడే దాని మీద 'ఆర్.డిస్.' అనో, 'డి.డిస్.' అనో, 'ఎల్.డిస్.' అనో రాసేవారు. శాశ్వతంగా ఉంచాల్సింది, పదేళ్లు ఉంచాల్సింది, కొద్దికాలానికే తీసేయాల్సింది అని ఆ గుర్తును బట్టి రికార్డు రూము గుమస్తాకు తెలిసిపోయేది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి ఈ పద్ధతిలోని తెలివి ఏమిటంటే, ఫైలు ఆయుష్షును ఆ ఫైలు నడిపిన మనిషే, దాన్ని మూసే రోజునే నిర్ణయించేవాడు. ఇప్పుడు మనం చేస్తున్నది దీనికి తలకిందులు. వేల ఫైళ్లు పోగయ్యాక, వాటి గురించి ఏమీ తెలియని ఐటీ కుర్రాడిని పిలిచి "స్పేస్ ఖాళీ చెయ్యి" అంటాం.

మీ సంస్థకు వర్తించే చట్టాలన్నీ తీసి ఒక పట్టిక తయారు చేయండి. లీగల్ విభాగంతో కూర్చుని చేయాల్సిన పని ఇది. కొన్ని ముఖ్యమైనవి ఇక్కడ చెబుతాను.

ఒక మామూలు అమ్మకం ఇన్‌వాయిస్ తీసుకుందాం. 2024-25 ఆర్థిక సంవత్సరానిది. జీఎస్టీ చట్టం సెక్షన్ 36 ప్రకారం ఖాతాలు, రికార్డులు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. ఆ సంవత్సరానికి మామూలు గడువు 2025 డిసెంబరు 31, అంటే 2031 డిసెంబరు 31 దాకా. కంపెనీల చట్టం, 2013 సెక్షన్ 128 ప్రకారం లెక్కల పుస్తకాలు, వాటి ఓచర్లు 8 ఆర్థిక సంవత్సరాలు ఉండాలి. ఆ లెక్కన ఇదే ఇన్‌వాయిస్ 2033 మార్చి 31 దాకా ఉండాలి. ఒకే కాగితానికి రెండు గడువులు వస్తే ఎక్కువదే తీసుకోవాలి. మధ్యలో అప్పీలో, దర్యాప్తో ఉంటే అదింకా సాగుతుంది.

గడువు ఎంత అన్నదే కాదు, లెక్క ఎప్పుడు మొదలవుతుంది అన్నదీ రాసుకోవాలి. చాలా పట్టికలు తేలిపోయేది ఇక్కడే. బ్యాంకులు, ఆర్థిక సంస్థలు ఖాతాదారుల గుర్తింపు పత్రాలను మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద 5 ఏళ్లు ఉంచాలి. ఆ ఐదేళ్లు మొదలయ్యేది పత్రం తీసుకున్న రోజు నుంచి కాదు, ఖాతా మూసిన తర్వాత. పట్టికలో '5 ఏళ్లు' అని మాత్రమే రాసి ఉంటే, ఇరవై ఏళ్లుగా ఖాతా ఉన్న కస్టమర్ పత్రాలు ఎప్పుడో డిలీట్ అయి ఉంటాయి. లీజుకు గడువు ముగిసిన రోజు, ఉద్యోగి ఫైలుకు అతను మానేసిన రోజు, యంత్రం మాన్యువల్‌కు ఆ యంత్రాన్ని అమ్మేసిన రోజు, ఇలా ప్రతి వరుసకూ 'ఎప్పటి నుంచి' అనే గడి తప్పనిసరి.

కొన్నిటికి గడువు ఉండదు. బోర్డు మీటింగ్ మినిట్స్, సభ్యుల రిజిస్టరు శాశ్వతం. భూమి దస్తావేజులను ఎప్పటికీ తీయకూడదని ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మరోవైపు సర్వర్ లాగుల్లాంటివి (ఎవరు ఎప్పుడు ఏం చేశారో కంప్యూటర్ తనంతట రాసుకునే చిట్టాలు) చిన్న గడువువి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాటిని 180 రోజులు ఉంచాలి.

"ఇన్ని తలనొప్పులెందుకు, స్టోరేజీ చవకేగా, అన్నీ ఉంచేద్దాం" అనేవాళ్లు కమిటీలో తప్పక ఉంటారు. వారికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చూపించండి. ఏ అవసరానికి తీసుకున్నారో ఆ అవసరం తీరాక, మరే చట్టమూ ఉంచమని చెప్పకపోతే, వ్యక్తిగత సమాచారాన్ని చెరిపేయాలి. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. సమాచారాన్ని కాపాడే జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా పోవచ్చు. హెచ్‌ఆర్ డ్రైవ్‌లో ఉద్యోగం రాని వేల మంది అభ్యర్థుల రెజ్యూమేలు, ఆధార్ కాపీలు, పదో తరగతి మెమోలు ఉంటాయి. అవి ఉంచుకోవడం వల్ల సంస్థకు పైసా లాభం లేదు. లీకైతే మాత్రం జవాబు చెప్పుకోవాలి.

పేర్లు పెట్టడం

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ రోజూ ఫైలు వెతికే మనిషికి ఇదే పెద్దది.

తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాయండి: 2025-04-05. అప్పుడు ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. 05-04-2025 అని రాస్తే మనకు ఏప్రిల్ 5, అమెరికా టీముకు మే 4. హైదరాబాద్‌లో సగం ఆఫీసులు అటువైపు వాళ్లతోనే పని చేస్తాయి కాబట్టి ఇది ఊహించి చెబుతున్న ఇబ్బంది కాదు. ఆ తర్వాత కాగితం రకం, దేని గురించి, వెర్షన్: '2025-04-05_లీజు-ఒప్పందం_వరంగల్-గోడౌన్_వి02'. 'ఫైనల్' అనే మాటను పేర్లలో నిషేధించండి. సంతకాలైన కాపీకి 'సంతకమైంది' అని రాస్తే చాలు.

భూములతో పని ఉన్న సంస్థలకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. సర్వే నంబరు 145/2. విండోస్‌లో ఫైలు పేరులో ఏటవాలు గీత పెట్టనివ్వదు. దాంతో ఒకరు 145-2 అని, ఒకరు 145_2 అని, ఒకరు '145 బై 2' అని, తొందరలో ఉన్నవారు 1452 అని టైపు చేస్తారు. 1452 అనే సర్వే నంబరు వేరే ఉంటే ఇక అంతే సంగతులు. ఏదో ఒక్క రూపాన్ని ఎంచుకోండి, నేనైతే అడ్డగీతనే ఎంచుకుంటాను. గ్రామం, మండలం కూడా పేరులో ఉండాలి, ఎందుకంటే 145/2 ప్రతి ఊళ్లోనూ ఉంటుంది.

మనుషుల పేర్లది ఇంకో తంటా. శ్రీనివాసరావును ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాయొచ్చో మీకు తెలుసు. ఇంటిపేరు కొందరికి ముందు, కొందరికి వెనక, కొందరికి ఒక్క అక్షరం. పేరును నమ్ముకుని వెతికితే సగం ఫైళ్లు దొరకవు. ఉద్యోగికి ఐడీ నంబరు, కస్టమరుకు ఖాతా నంబరు, రోగికి రిజిస్ట్రేషన్ నంబరు, ఇవే తాళంచెవులు కావాలి. పేరు పక్కన ఉంటే ఉండనీయండి.

తెలుగు కాగితాలున్నవాళ్లు ఒక విషయం వెంటనే చూసుకోవాలి. పాత ఉత్తరాలు, కరపత్రాలు, సభ మినిట్స్ చాలావరకు అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసినవి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో చక్కగా తెలుగు కనిపిస్తుంది, లేనిచోట ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు, కాబట్టి 'తీర్మానం' అని వెతికితే ఒక్కటీ దొరకదు. వీటిని ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చే టూల్స్ ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర తప్పులు దొర్లుతాయి, తెలుగు బాగా వచ్చిన మనిషి ఒకసారి చదవాలి. పాత ఫైలును పీడీఎఫ్‌గా అలాగే ఉంచి, యూనికోడ్ కాపీని దాని పక్కన పెట్టండి. ఆ ఫాంట్లు తెలిసిన డీటీపీ ఆపరేటర్లు ఇంకా మన మధ్య ఉండగానే ఈ పని పూర్తి చేసుకోవడం మంచిది.

ఎవరికి ఎంతవరకు తలుపు తీయాలి

అనుమతులు మనుషుల పేరుతో ఇవ్వకండి, సీటును బట్టి గ్రూపులుగా ఇవ్వండి. 'లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు' అనే సెట్టింగును సంస్థ మొత్తానికీ మూయించండి. బయటివాళ్లకు ఇవ్వాల్సి వస్తే గడువు తేదీతో ఇవ్వండి.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది పై స్థాయి లాగిన్ల దగ్గర. 2009 జనవరి 7న బయటపడ్డ సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కల వ్యవహారం మన హైదరాబాద్‌లోనే జరిగింది. వేల నకిలీ ఇన్‌వాయిస్‌లను అన్ని అధికారాలూ ఉండే సూపర్ యూజర్ లాగిన్‌తో బిల్లింగ్ వ్యవస్థలోకి ఎక్కించి, మిగతా విభాగాలకు కనపడకుండా దాచారని దర్యాప్తులో తేలింది. వ్యవస్థ ఉంది, అందులో ఇన్‌వాయిస్‌లు ఉన్నాయి, కానీ ఎవరు ఏం చేశారో అడిగే రెండో మనిషి లేడు. అందుకే అడ్మిన్ లాగిన్ చేసిన పనుల లాగు అడ్మిన్ చేతిలో ఉండకూడదు. అది ఇంటర్నల్ ఆడిట్‌కు వెళ్లాలి. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే, ఆపివేయడానికి వీల్లేని ఆడిట్ ట్రయిల్ ఉండాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధనే ఉంది. డాక్యుమెంట్ల వ్యవస్థకు కూడా అదే కొలమానం పెట్టుకోండి.

పాత కాగితాల స్కానింగ్

గదినిండా ఉన్న కాగితాలన్నీ స్కాన్ చేయించాలన్న ఉత్సాహాన్ని కాస్త ఆపండి. గడువు పట్టిక దగ్గర పెట్టుకుని, తీసేయాల్సినవి ముందు తీసేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. 300 డీపీఐ (స్కాన్ స్పష్టత), పీడీఎఫ్/ఎ రూపం (ఏళ్ల తరబడి దాచడానికి చేసిన పీడీఎఫ్), ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను వెతకగలిగేలా మార్చడం) తప్పనిసరి. పిన్నులు తీసేటప్పుడు పేజీల వరుస తప్పకుండా, వెనకవైపు రాసిన నోట్సు వదిలేయకుండా చూడటానికి మీ మనిషి ఒకరు కాంట్రాక్టర్ పక్కన ఉండాలి. ఆఫీసు నోటింగ్‌లో అసలు సంగతి తరచూ మార్జిన్‌లోనే ఉంటుంది.

స్కాన్ అయిన వెంటనే ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడు) తీసి రిజిస్టరులో పెట్టుకోండి. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ హ్యాష్ మారిపోతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద కోర్టుకు ఎలక్ట్రానిక్ రికార్డు ఇచ్చేటప్పుడు జతపరిచే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయాలి. అప్పటికప్పుడు తీసేకన్నా మొదటి రోజు తీసి పెట్టుకున్న హ్యాష్‌కు విలువెక్కువ. దస్తావేజులు, స్టాంపు పేపర్లు, ప్రామిసరీ నోట్ల అసలు కాపీలు మాత్రం స్కాన్ చేశాక కూడా బీరువాలోనే ఉండాలి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్

ఇంతవరకు వచ్చాక ఎంపిక తేలిక. మీ దగ్గర మైక్రోసాఫ్ట్ 365 లైసెన్సులు ఉంటే ఫైళ్లు దాచే షేర్‌పాయింట్‌లో, గడువులు చూసే పర్వ్యూలో చాలా సదుపాయాలు ఇప్పటికే ఉండి ఉంటాయి. గూగుల్ వర్క్‌స్పేస్‌వాళ్లకు అలాంటిదే వాల్ట్ ఉంది. ప్రభుత్వ కార్యాలయాలకు ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) వారి ఈ-ఆఫీస్ ఉంది. అమ్మేవాళ్లను అడగాల్సిన ప్రశ్నలు తక్కువే: గడువు పట్టికను ఇందులో పెట్టగలమా? కేసు వస్తే డిలీట్ ఆపగలమా? తెలుగులో వెతికితే దొరుకుతుందా, మా ఫైళ్లతో ఇక్కడే చూపిస్తారా? రేపు మేం మానేస్తే ఫైళ్లతోపాటు వాటి వివరాలు, వెర్షన్లు, లాగులు ఏ రూపంలో తిరిగిస్తారు? చివరి ప్రశ్నకు జవాబు ఒప్పందంలో రాయించుకోండి.

ఒక్క విభాగంతో మొదలుపెట్టండి. గొడవ తక్కువగా ఉండేది కాదు, పని ఎక్కువగా ఉండేది. అక్కడ నిలబడితే మిగతాచోట్ల నిలబడుతుంది. విభాగం కొత్త వ్యవస్థకు మారిన రోజు నుంచి పాత డ్రైవ్‌ను 'చూడటానికి మాత్రమే' చేసేయండి. రెండు చోట్లా రాసే వీలుంటే జనం పాతదాన్నే వాడతారు. మొదటి రెండు వారాలు ఫోన్లు వస్తాయి, కాస్త టెన్షన్ తప్పదు, ఓపిక పట్టండి.

తీసేయడం, ఆపడం

గడువు ముగిసిన ఫైళ్ల జాబితా ఏడాదికి ఒకసారి, ఆడిట్ హడావుడి అయ్యాక తయారు చేయండి. విభాగం రికార్డు బాధ్యుడు, లీగల్, ఆడిట్ ముగ్గురూ సంతకం చేశాకే తీసేయాలి. ఏం తీసేశారు, ఏ నియమం కింద, ఎవరి అనుమతితో అన్న రిజిస్టరు మాత్రం శాశ్వతం. "ఆ ఫైలు ఏమైంది?" అని అడిగితే ఆ రిజిస్టరు చూపగలిగితే మీరు నియమం పాటించినట్టు, చూపలేకపోతే దాచినట్టు.

కేసు, దర్యాప్తు, నోటీసు వచ్చిందంటే, వచ్చేలా ఉందన్నా సరే, ఆ విషయానికి సంబంధించిన డిలీట్లన్నీ వెంటనే ఆగాలి. ఆ ఆదేశం ఇచ్చే అధికారం ఎవరిదో ముందే రాసి ఉండాలి. అమెరికాలో ఎన్రాన్ కంపెనీ దొంగ లెక్కల కుంభకోణం వేళ, దాని లెక్కలు చూసే ఆర్థర్ ఆండర్సన్ ఆడిట్ సంస్థ ఉద్యోగులు తమ 'డాక్యుమెంట్ పాలసీ' పేరుతోనే టన్నుల కొద్దీ కాగితాలు చింపేశారు. 2002లో జ్యూరీ ఆ సంస్థను దోషిగా తేల్చింది. 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది, కానీ అప్పటికే సంస్థ దాదాపు మూతపడిపోయింది. ఎప్పుడూ పట్టించుకోని పాలసీని దర్యాప్తు వచ్చిన వారంలో గుర్తు చేసుకుంటే అలాగే ఉంటుంది.

రెండో కాపీ

2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయినప్పుడు, "డిజిటల్ అయితే ఈ బాధ ఉండదు" అన్నవాళ్లు ఉన్నారు. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజియాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో మంటలు లేచాయి. ఉద్యోగుల ఫైళ్లు దాచే జీ-డ్రైవ్ అనే వ్యవస్థలో 858 టెరాబైట్లు పోయాయి. బయట బ్యాకప్ లేదు, మరీ పెద్దది కాబట్టి తీయలేదట. పనికి సంబంధించిన ఫైళ్లన్నీ జీ-డ్రైవ్‌లోనే పెట్టాలని నియమం పెట్టుకున్న శాఖకు ఎక్కువ నష్టం జరిగింది. కాబట్టి మూడు కాపీలు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరే ఊళ్లో. మూడు నెలలకోసారి ఏదో ఒక ఫోల్డర్‌ను బ్యాకప్ నుంచి నిజంగా వెనక్కి తెప్పించి తెరిచి చూడండి. 'బ్యాకప్ సక్సెస్' అనే మెయిల్‌ను నమ్ముకోవద్దు.

ఉద్యోగి వెళ్లిపోయే రోజు

ఫైళ్లు ఎక్కువగా పోయేది హ్యాకర్ల వల్ల కాదు, రాజీనామాల వల్ల. ఉద్యోగి ఖాతా తీసేశాక మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌లోని ఫైళ్లు మామూలు సెట్టింగులో 30 రోజులే ఉంటాయి. గూగుల్ వర్క్‌స్పేస్‌లో తీసేసిన ఖాతాను 20 రోజుల్లోపే వెనక్కి తేగలరు. ఆ తర్వాత మూడో నెలలో ఎవరో "ఆ ఒప్పందం ఆయన దగ్గరే ఉండేది" అంటారు. అందుకని నోటీసు పీరియడ్ మొదలైన వారంలోనే ఆ ఉద్యోగీ, విభాగం రికార్డు బాధ్యుడూ కలిసి కూర్చుని మెయిల్, లాప్‌టాప్, ఫోన్‌లో ఉన్న ఆఫీసు రికార్డులన్నీ చేర్చాల్సినచోట చేర్చాలి. హెచ్‌ఆర్ వాళ్ల నో డ్యూస్ ఫారంలో క్యాంటీన్ బాకీకి, ఐడీ కార్డుకు గడులు ఉంటాయి. వాటి కింద 'రికార్డులు అప్పగించారు' అని ఒక గడి చేర్పించి, అందులో రికార్డు బాధ్యుడి సంతకం లేకుండా రిలీవింగ్ లెటర్ ఇవ్వకుండా చూడండి.